పేరొకటే, జాగాలు వేరు: హైదరాబాద్‌లో డిజిపిన్ ఎంతవరకు పనికొస్తుంది

"అన్నా, గుడి దగ్గరికొచ్చిన. ఎటు రావాలె?"
"ఏ గుడి?"
"హనుమాన్ గుడి."

హైదరాబాద్‌లో పార్సిల్ తెచ్చే కుర్రాడికీ ఇంట్లో వాళ్లకీ మధ్య రోజూ నడిచే మాటలివి. హనుమాన్ గుడి లేని బస్తీ ఇక్కడ దొరకడం కష్టం. కుర్రాడు చెప్పింది నిజమే, ఇంటివాళ్లు చెప్పిందీ నిజమే, గుడి మాత్రం వేరు. ఈ చిక్కు తీర్చడానికి తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్‌ను, అంటే మ్యాప్‌లో చోటును బట్టి ప్రతి జాగాకూ వచ్చే కోడ్‌ను, ఒకే పేరున్న హైదరాబాద్ జాగాల మీద పెట్టి చూస్తే ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు చిక్కు ఎంత పెద్దదో చూడాలి. గాంధీనగర్ అంటే కవాడిగూడ పక్కనున్నది ఒకటి, పిన్ 500080. బాలానగర్ పారిశ్రామికవాడలో లేత్ మిషన్ల షాపుల మధ్యనున్నది ఇంకొకటి, పిన్ 500037. వివేకానందనగర్ కూకట్‌పల్లిలో ఉంది, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఉంది. ఒకటి నగరానికి ఈ కొస, ఇంకొకటి ఆ కొస. బాలానగర్ అన్న పేరే ఇద్దరిది: నగరంలో ఒకటి, మహబూబ్‌నగర్ జిల్లాలో జడ్చర్లకు ఇవతల మండల కేంద్రం ఒకటి. జూబ్లీ బస్ స్టేషన్ సికింద్రాబాద్‌లో ఉంటుంది, జూబ్లీహిల్స్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు జూబ్లీహిల్స్‌లో గది తీసుకుని, బస్సు దిగి నడిచి వెళ్లొచ్చనుకుంటారు. ఎల్బీ స్టేడియం బషీర్‌బాగ్‌లో, ఎల్బీనగర్ విజయవాడ దారిలో. రెండింటికీ పేరు లాల్ బహదూర్ శాస్త్రిదే. మెట్రోలో ఉత్త "స్టేడియం" అని ఉన్న స్టేషన్‌లో దిగితే మాత్రం ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ క్రికెట్ స్టేడియం వస్తుంది. ఉస్మానియా పేరుతో ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, మెడికల్ కాలేజీ కోఠిలో, యూనివర్సిటీ తార్నాక వైపు. మూడింటికీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరే.

మెట్రోలో గాంధీ పేరు మూడు చోట్ల వినిపిస్తుంది. గాంధీభవన్ ఎర్ర లైన్‌లో, గాంధీ హాస్పిటల్ ఆకుపచ్చ లైన్‌లో, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ రెండూ కలిసే చోట. రోగిని చూడడానికి వచ్చి గాంధీభవన్‌లో దిగితే బయటికి రాకండి. అదే లైన్‌లో ఎల్బీనగర్ వైపు రెండో స్టేషన్ ఎంజీ బస్ స్టేషన్. అక్కడ ఆకుపచ్చ లైన్‌లోకి మారి సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్ దాటితే గాంధీ హాస్పిటల్ వస్తుంది.

రోడ్ల నంబర్ల గొడవ ఇంకా ముదురు. రోడ్ నంబర్ 10 బంజారాహిల్స్‌లో ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ ఉంది. రెండు పేటలూ పక్కపక్కనే కాబట్టి ఫోన్లో "హిల్స్ రోడ్ నంబర్ 10" అన్నది సగం వినిపించినా బండి తప్పు గుట్ట ఎక్కుతుంది. పిన్ చూస్తే తెలిసిపోతుంది, జూబ్లీహిల్స్‌ది 500033, బంజారాహిల్స్‌ది 500034. ఇక పాత మున్సిపల్ ఇంటి నంబర్లు: మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు, ఆ తర్వాత గీత పెట్టి ఎన్నైనా తగిలిస్తారు. జూబ్లీహిల్స్‌లో 8-2-293/82 అని మొదలయ్యే ఇళ్లు లెక్కలేనన్ని. ఆ తర్వాత వచ్చే అక్షరం, ప్లాటు నంబరే అసలు చిరునామా. అది రాయకపోతే రాసినదంతా దండగే.

పేర్ల చిక్కు తపాలా శాఖకు కొత్తది కాదు. పిన్‌కోడ్ పుట్టిందే అందుకు. ఒకే పేరున్న ఊళ్లు దేశమంతా ఉండడం, రకరకాల భాషల్లో ఉత్తరాలు రావడం, చేతిరాత అర్థం కాకపోవడం వల్ల ఉత్తరాలు దారి తప్పేవి. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అదనపు కార్యదర్శిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వెలంకర్ ఆలోచనతో 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్ మొదలైంది. మొదటి అంకె 5 అయితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో ఎక్కడో ఒకచోట. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడు పంచిపెట్టే పోస్టాఫీసును చెప్తాయి. హైదరాబాద్ నగరం 500తో మొదలవుతుంది, మహబూబ్‌నగర్ బాలానగర్ 509తో. అంతకుముందు సింధ్‌లోని హైదరాబాద్‌తో కలవకుండా మన ఊరి పేరు వెనక దక్కన్ తగిలించేవాళ్లు. ఆ మాట ఇప్పటికీ నాంపల్లి రైల్వే స్టేషన్ పేరులో మిగిలే ఉంది.

పిన్ ఊళ్లను వేరుచేసింది. ఇళ్లను వేరుచేయలేదు. ఒక్క పిన్ కింద వేల ఇళ్లు, పదుల కాలనీలు, అవే పేర్లున్న అపార్ట్‌మెంట్లు ఉంటాయి. సాయి రెసిడెన్సీ, శ్రీనివాస నిలయం అన్న బోర్డులు ఒకే గల్లీలో రెండు కనిపించినా ఆశ్చర్యం లేదు. డిజిపిన్ పని మొదలయ్యేది ఇక్కడే.

డిజిపిన్‌ను తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్‌తో, ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌తో కలిసి తయారు చేసింది. ఆ సెంటర్ ఉన్నది మన బాలానగర్‌లోనే. 2025 మే 27న 'నో యువర్ డిజిపిన్', 'నో యువర్ పిన్‌కోడ్' అనే రెండు వెబ్ సేవలను విడుదల చేశారు. రెండూ ఉచితమే. డిజిపిన్ అంటే పది గుర్తుల కోడ్. మూడు, మూడు, నాలుగుగా విడదీసి మధ్యలో అడ్డగీతలతో రాస్తారు. వాడే గుర్తులు పదహారే: 2 నుంచి 9 దాకా అంకెలు, ఇంకా సీ, ఎఫ్, జే, కే, ఎల్, ఎం, పీ, టీ అనే ఇంగ్లిష్ అక్షరాలు. సున్నా, ఒకటి లేవు. వాటితో కలిసిపోయే ఓ, ఐ అక్షరాలూ లేవు. చేత్తో రాసిన చిరునామాలు చదివి చదివి విసిగినవాళ్లు చేసిన ఎంపిక ఇది, చాలా మంచి ఎంపిక.

కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే వాడడం తేలిక. ఉత్తర అక్షాంశం 2.5 నుంచి 38.5 దాకా, తూర్పు రేఖాంశం 63.5 నుంచి 99.5 దాకా ఒక పెద్ద చతురస్రం గీశారు. దాన్ని నిలువున నాలుగు, అడ్డంగా నాలుగు, మొత్తం పదహారు గడులు చేశారు. ఒక్కో గడికి ఒక్కో గుర్తు. ఆ గడిని మళ్లీ పదహారు చేస్తారు. ఇలా పదిసార్లు. చార్మినార్‌నే తీసుకుంటే అక్షాంశం సుమారు 17.3616, రేఖాంశం 78.4747. మొదటి విడతలో గడి 9 డిగ్రీలు, చార్మినార్ పైనుంచి మూడో వరసలో, ఎడమ నుంచి రెండో గడిలో పడుతుంది. దాని గుర్తు 4. రెండో విడతలో గడి 2.25 డిగ్రీలు, గుర్తు 2. మూడో విడతలో 0.5625 డిగ్రీలు, గుర్తు మళ్లీ 2. నాలుగో విడతలో 5. అంటే చార్మినార్ కోడ్ 422-5 అని మొదలవుతుంది. ఇదంతా ఉత్త లెక్క. కోడ్ తయారు చేసే పద్ధతిని తపాలా శాఖ అందరికీ అందుబాటులో పెట్టింది, కాబట్టి ఇంటర్నెట్ లేకుండా కూడా ఫోన్లో లెక్క కట్టుకునే యాప్ రాసుకోవచ్చు.

ఈ లెక్కలో హైదరాబాద్‌కు ఒక అదృష్టం దక్కింది. 422 అనే గడి దాదాపు 60 కిలోమీటర్లు పొడవూ వెడల్పూ ఉంటుంది. ఇటు పటాన్‌చెరు, అటు ఉప్పల్, పైన మేడ్చల్, కింద శంషాబాద్ విమానాశ్రయం అన్నీ అందులోనే పడతాయి. కాబట్టి నగరంలో ఇల్లున్నవాళ్ల కోడ్ 422తో మొదలుకాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే, అక్కడే ఆగి సరిచూసుకోవచ్చు. మహబూబ్‌నగర్ బాలానగర్ 425లోకి పోతుంది. ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లాలోని సికంద్రాబాద్ కోడ్ 39తో మొదలవుతుంది, మన సికింద్రాబాద్ 422తో. లెక్కప్రకారం ఆ పెద్ద చతురస్రంలో సింధ్ హైదరాబాద్ కూడా పడుతుంది, దాని మొదటి గుర్తు జే. రెండు హైదరాబాద్‌ల మధ్య తేడా మొదటి అక్షరంలోనే తేలిపోతుంది.

నగరం లోపలికొస్తే జాగ్రత్తగా చదవాలి. జూబ్లీ బస్ స్టేషన్ 422-25 గడిలో ఉంది, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ 422-2ఎల్ గడిలో. మధ్యలో గీత గీసినట్టు కొలిచినా 8 కిలోమీటర్లకు పైనే దూరం, అయినా నాలుగు గుర్తులు కలిశాయి. దీనికి పూర్తిగా తలకిందుల సంగతి సచివాలయం, అసెంబ్లీలది. సచివాలయం 422-2లో, అసెంబ్లీ 422-5లో. ఆ రెండింటి మధ్య దూరం కిలోమీటరు చుట్టే. నాలుగో విడత గడుల సరిహద్దు సరిగ్గా వాటి మధ్య నుంచి పోవడమే దీనికి కారణం. కోడ్‌లు ఒకలా లేవు కాబట్టి జాగాలు దూరం అనుకోకూడదు, ఒకలా మొదలయ్యాయి కాబట్టి దగ్గరనీ అనుకోకూడదు. పిన్‌కోడ్‌కు అలవాటు పడ్డవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. గాంధీ హాస్పిటల్ 422-2, గాంధీభవన్ 422-5 అని నాలుగో గుర్తులోనే విడిపోవడం మాత్రం చూడముచ్చటగా ఉంది.

ఎన్నో గుర్తు దగ్గర గడి ఎంత ఉంటుందో గుర్తుపెట్టుకుంటే మంచిది. నాలుగో గుర్తుకు 15 కిలోమీటర్లు, ఐదుకు దాదాపు 4, ఆరుకు ఒక కిలోమీటరు లోపు, ఏడుకు 240 మీటర్లు, ఎనిమిదికి 60, తొమ్మిదికి 15, పదికి 3.8. హైదరాబాద్ దగ్గర తూర్పు పడమరలుగా ఆఖరి గడి ఇంకొంచెం సన్నం, సుమారు 3.65 మీటర్లు. ఆరు గుర్తులు చాలు ఏ గాంధీనగరో తేలడానికి. ఎనిమిది ఉంటే గల్లీ తేలుతుంది.

ఇప్పుడు తీసుకునే పద్ధతి. ఇంట్లో సోఫాలో కూర్చుని తీస్తే వచ్చేది సోఫా కోడ్. పార్సిల్ వచ్చేది గేటు దగ్గరికి. 200 గజాల ఇల్లు అంటే దాదాపు 167 చదరపు మీటర్లు, అందులో డిజిపిన్ గడులు పన్నెండు దాకా పడతాయి. అంటే ఒకే ఇంటికి పన్నెండు కోడ్‌లు. వంటింటిదొకటి, బోరు దగ్గరిదొకటి, వెనక గల్లీ వైపుదొకటి. ఇంట్లో నలుగురూ నాలుగు కోడ్‌లు పంపితే పేరు చిక్కు పోయి కోడ్ చిక్కు వస్తుంది. గేటు బయట, రోడ్డు మీద నిలబడి ఒక్కటే తీసి, ఇంటిల్లిపాదీ దాన్నే వాడాలి.

ఫోన్ సెట్టింగ్స్‌లో బ్రౌజర్‌కు కచ్చితమైన లొకేషన్ అనుమతి ఇవ్వాలి. 'సుమారు లొకేషన్' అని ఉంటే కోడ్ పక్క బస్తీలో పడుతుంది. ఇండియా పోస్ట్ వెబ్‌సైట్లో డిజిపిన్ పేజీ తెరిచి వెంటనే కోడ్ రాసుకోకుండా అర నిమిషం ఆగాలి, మ్యాప్‌లో మీరున్న చోటును చూపించే చుక్క కుదురుకుంటుంది. ఆకాశం బాగా కనిపించే చోట మంచి ఫోన్ 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. అమీర్‌పేట, కూకట్‌పల్లి లాంటి చోట్ల ఇరుకు గల్లీలో రెండువైపులా అయిదంతస్తుల గోడలుంటే ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి తిరిగి వస్తుంది, తేడా 10 నుంచి 20 మీటర్లు కావడం మామూలే. గడి 4 మీటర్లు కూడా లేదు. కాబట్టి ఆఖరి గుర్తు ప్రతిసారీ మారుతుంది, కొన్నిసార్లు తొమ్మిదోది కూడా. దీనికి మందు ఒక్కటే: ఉపగ్రహ చిత్రంలో మీ గేటును, ఎదురింటి కప్పును, కరెంటు స్తంభం ఉన్న మూలను పోల్చుకుని సరైన చోటును మీరే ఎంచుకోవడం. తర్వాత ఆ కోడ్‌ను ఇంకో ఫోన్లో వేసి వెనక్కి వెతకండి. గేటు దగ్గర పడితే ఖాయం చేసుకోవచ్చు.

ఈ సేవలో అసలు లోపం ఇంకోచోట ఉంది. ఆధార్, బ్యాంకు కార్డు నంబర్లలో, రాసేటప్పుడు పొరపాటు జరిగితే ఆ తప్పు పట్టే అంకె ఒకటి ఉంటుంది, డిజిపిన్‌లో లేదు. పదహారు గుర్తుల్లో ఏ పది వరసగా రాసినా ఎక్కడో ఒక జాగాను చూపిస్తుంది. మొదటి గుర్తు తప్పైతే ఏ సముద్రంలోనో, ఎక్కడో దూరపు రాష్ట్రంలోనో పడుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఆఖరిది తప్పైతే మహా అయితే పదిహేను మీటర్ల చుట్టే తేడా, ఫరవాలేదు. ప్రమాదం ఐదు, ఆరు గుర్తుల్లో ఉంది. ఐదోది తప్పైతే ఒక్క దిక్కుకే పన్నెండు కిలోమీటర్ల దాకా పక్కకు పోవచ్చు, అయినా కోడ్ 422తోనే మొదలవుతుంది, చూస్తే హైదరాబాద్ ఇల్లులాగే ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. పదకొండో గుర్తుగా తప్పు పట్టే అక్షరం ఒకటి చేర్చి ఉంటే ఎంతో మేలు జరిగేది. అది లేదు కాబట్టి కోడ్ పక్కన పిన్, కాలనీ పేరు తప్పకుండా రాయాలి. రెండూ ఒకదాన్నొకటి సరిచూస్తాయి.

ఫోన్లో చెప్పేటప్పుడు ఇంకో ఇబ్బంది. రాతలో కలవని అక్షరాలు మాటలో కలిసిపోతాయి. పీ, టీ, సీ ట్రాఫిక్ చప్పుడులో ఒకేలా వినిపిస్తాయి, జే, కే కూడా అంతే, ఎల్, ఎం, ఎఫ్ కూడా అంతే. పీ పావురం, టీ టమాట, సీ చార్మినార్, జే జామ, కే కాకి, ఎల్ లడ్డు, ఎం మామిడి, ఎఫ్ ఫ్యాను అని చెప్తే ఎవరికైనా అర్థమవుతుంది. వీలైతే చెప్పకండి, రాసి పంపండి.

అపార్ట్‌మెంట్లలో దీని హద్దు స్పష్టంగా కనిపిస్తుంది. డిజిపిన్‌కు పొడవూ వెడల్పే తెలుసు, ఎత్తు తెలియదు. మొదటి అంతస్తులో 104, పదో అంతస్తులో 1004 ఒకదానిమీద ఒకటి ఉంటే ఇద్దరిదీ ఒకే కోడ్. ఫ్లాట్ నంబరు, బ్లాకు పేరు రాయాల్సిందే. మియాపూర్, నల్లగండ్ల వైపున్న పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో మీ బ్లాకు కోడ్ ఇస్తే మ్యాప్ బండిని వెనక ప్రహరీ దగ్గరికి తీసుకుపోయి వదిలేస్తుంది, ఎందుకంటే గీత గీస్తే అదే దగ్గర. సందర్శకులను లోపలికి వదిలే గేటు ఏదో దాని కోడ్ ఇవ్వాలి. ఇది సొసైటీ ఆఫీసు చేయాల్సిన పని. మెయిన్ గేటు కోడ్ ఒక్కటి తీసి, బోర్డు మీద రాసి, అందరికీ అదే ఇవ్వాలి.

గూగుల్ ప్లస్ కోడ్‌తో పోలిస్తే? ప్లస్ కోడ్ కూడా ఇలాగే జాగాకు ఇచ్చే కోడ్, చాలాకాలంగా ఉంది, మ్యాప్‌లో వేస్తే నేరుగా దారి చూపిస్తుంది, ఈ విషయంలో అదే ముందుంది. మామూలు ప్లస్ కోడ్ గడి 14 మీటర్ల దాకా ఉంటుంది, డిజిపిన్ దానికంటే సూక్ష్మం. కానీ నాకు ప్లస్ కోడ్‌లో నచ్చనిది అందరూ వాడే పొట్టి రూపం. మొదటి నాలుగు గుర్తులు తీసేసి వాటి బదులు ఊరి పేరు పెడతారు. ఆ ఊరి పేరు బాలానగర్ అయితే ఏ బాలానగర్? పేర్ల చిక్కు పోగొట్టే కోడ్‌లోకి పేరు మళ్లీ దొడ్డిదారిన వచ్చింది. డిజిపిన్‌లో ఏ పేరూ లేదు, ఏ భాషా లేదు. కాలనీ పేరు మారినా, మున్సిపల్ నంబర్లు మళ్లీ వేసినా కోడ్ మారదు.

చాలా డెలివరీ యాప్‌లలో చిరునామా రాసేచోట డిజిపిన్‌కు ప్రత్యేకంగా గడి లేదు. ల్యాండ్‌మార్క్ అన్న చోట రాసి, యాప్ మ్యాప్‌లో గుర్తును కూడా గేటు మీదికి లాగి పెట్టాలి. కోడ్ రాశాం కదా అని మ్యాప్ గుర్తును వదిలేస్తే బండి వెళ్లేది గుర్తు దగ్గరికే. ఇంకో సంగతి: కోడ్‌లో మీ పేరు, ఫోన్ నంబరు ఏవీ ఉండవు, కానీ అది మీ గేటును నాలుగు మీటర్ల లోపు చూపిస్తుంది. అందరూ చూసే చోట పేరుతో కలిపి పెట్టవద్దు.

నా లెక్కన డిజిపిన్‌కు అయిదుకు మూడున్నర. లెక్క గట్టిది, గుర్తుల ఎంపిక గొప్పది. తప్పు పట్టే అక్షరం లేకపోవడానికి ఒక మార్కు, ఎత్తు తెలియకపోవడానికి అర తగ్గించాను. కొత్త కాలనీల్లో, ఇంటి నంబరు ఇంకా రాని ప్లాట్లలో, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన కొత్తగా లేచిన వెంచర్లలో ఇంతకంటే మంచి సాధనం లేదు. అబిడ్స్, సుల్తాన్ బజార్ లాంటి పాత బజార్లలో ఒకే గడిలో కింద షాపు, పైన గోదాం, పక్కన మెట్లు ఉంటాయి. అక్కడ షాపు పేరు, మెట్లు ఏవైపున్నాయో రాయడమే నయం.

పార్సిల్ మీద ఈ వరసలో రాయండి: మనిషి పేరు, ఫ్లాటు లేదా ఇంటి నంబరు మొత్తం, కాలనీ, పక్కన పెద్ద పేట పేరు, పిన్, ఆఖరి వరసలో విడిగా డిజిపిన్. గాంధీనగర్ అని ఒక్కటే రాయకుండా "గాంధీనగర్, బాలానగర్ పారిశ్రామికవాడ, హైదరాబాద్ 500037" అని రాస్తే సగం పని అక్కడే అయిపోతుంది. పెళ్లి కార్డుల మీద ఫంక్షన్ హాలు కోడ్ వేసేవాళ్లు పార్కింగ్ గేటు కోడ్ వేయించండి, స్టేజీది కాదు. ప్రెస్‌కు ఇచ్చే ముందు ప్రూఫులో ఐదు, ఆరు గుర్తులను వేలు పెట్టి మరీ చూసుకోండి.